అమ్మ కోసిన కలుపు

తమిళనాడులోని ధర్మపురిలో నేను చదివే యూనివర్సిటీ ఆవరణలో విద్యార్థులందరికీ ఒక ఉమ్మడి తోట ఉంది. ఒక్కో జట్టుకు ఒక్కో మడి ఇచ్చారు. మేము ముచ్చటపడి పెంచిన టమాటాలను, నన్ను చూడ్డానికి వచ్చిన అమ్మ కన్నెత్తి కూడా చూడలేదు. పక్క మడిలో ఒత్తుగా లేచిన కలుపు ముందు చతికిలబడింది.

"ఇంత లేత గురుగాకు, చెంచలాకు పెట్టుకొని మీరు ఆ నీళ్ల సాంబారు తాగతా ఉండారా?"

వెల్లిచందై దగ్గర మా చేలో వానలు పడితే మాకు రోజూ అదే కూర. ఇక్కడివాళ్లకు అది వట్టి కలుపు. అమ్మ సంచి నిండా గిల్లుకొని మధ్యాహ్నం బస్సెక్కింది.

సాయంత్రం నీళ్లు పోయడానికి వెళ్తే, ఆ మడి చూసే అబ్బాయి తమిళంలో అడిగాడు. "ఈ కలుపు ఎవరు కోశారు? పొద్దున్నే కలుపు మందు కొట్టాను కదా."

వెంటనే అమ్మకు ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. మా ఇంట్లో దీపం పెట్టేసరికి వంట అయిపోతుంది. నాయన, అవ్వ, తమ్ముడు కంచాల ముందు కూర్చున్నట్టే నా కళ్లకు కనిపించారు. ఆ అబ్బాయేమో మందు డబ్బా మీద రాసింది పైకి చదవడం మొదలుపెట్టాడు. నోరు ముయ్యమని అరిచాను. భయంతో ఏడుపు కూడా రాలేదు.

చివరికి నాయన ఎత్తాడు.

"నాయనా, ఆ కూర తినొద్దండి. దానికి మందు కొట్టినారంట."

"ఇంకా కూర్చోలేదు పాపా. ఎవురూ తినలా."

ఊపిరి తీసుకున్నాను. అంతలో వెనక నుంచి అమ్మ గొంతు, సిగ్గుపడుతున్నట్టు వినిపించింది.

"నేను తినేసినానే. బస్సులోనే ఆశ పుట్టింది. కూర పొయ్యి మీంచి దించంగానే రెండు ముద్దలు తిన్నాను."

అమ్మ అందరికంటే ముందు తినడం నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూడలేదు.

నాయన ఆమెను బండి మీద ధర్మపురి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. డాక్టరు మర్నాటిదాకా ఉంచుకొని, భయం లేదని పంపించేశాడు. నాకు మాత్రం పోలేదు. ఆమె దగ్గినా ఇప్పటికీ ఉలిక్కిపడతాను.

"అందరికన్నా ముందు తిన్నాను చూడు, అందుకే ఇట్లాయె" అంటుంది అమ్మ. తప్పు మందుది అని ఎంత చెప్పినా వినదు. ఇప్పుడు ఇంట్లో అందరూ చేతులు కడుక్కొని లేచాక, గిన్నెలో ఏదైనా మిగిలితేనే ఆమె కంచం తీస్తుంది.