చీపురుపుల్లంత కుళ్లు

మా చిన్నప్పుడు... కాలి కొలతంటే చీపురుపుల్లే. బద్వేలు దగ్గర మా ఊరి నుంచి ఎవరైనా కడపకు పోతుంటే, పుల్లను పాదం కింద పెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా విరిచి ఇచ్చేవాళ్లం. చెప్పుల అంగట్లో ఆ పుల్లే మన కాలు!

ఒక ఏడు ఒంటిమిట్ట తిరునాళ్లకు ఏం కావాలని కడపకు పోతున్న మా నాయన అడిగితే, మా పెద్దనాయన ఒక్కగానొక్క కూతురు రేణుకక్క ఎర్ర గుడ్డబూట్లు కావాలంది. తెల్ల లేసులవి... ఏదో పత్రికలో బొమ్మ చూసిందట.

"చిన్నాయనా, చీలమండల పైదాకా ఉండాల" అని మా నాయనకు పుల్ల ఇచ్చింది.

"ఈ ఎండలకు కాళ్లు ఉడికిపోతాయి మే. మెత్తటి చెప్పులు తెస్తాలే" అన్నాడు నాయన. వింటేగా!

నాకు కడుపు మండిపోయింది. నావి పిన్నీసు గుచ్చిన రబ్బరు చెప్పులు... ఆమెకు బూట్లా? నా పాదం ఆమెదానికంటే కాస్త చిన్నది. నాయన స్నానానికి పోగానే చొక్కా జేబులోంచి పుల్ల తీసి, నా కాలికి సరిపోయేట్టు చివర పుటుక్కున విరిచేశా. ఆమెకు పట్టకపోతే ఇక నాకే కదా!

సాయంత్రం బూట్లొచ్చాయి. అక్క కాలు దూరడం లేదు. నాకు లోలోపల ఒకటే సంబరం.

"చిన్నవైనట్టుండాయే! పుల్లకు సరిపోయినాయని తెచ్చినా, ఎర్రటివి ఈ ఒక్క జతే ఉండాది అంగట్లో. చెల్లెలికియ్యి, నీకు వేరేవి తెస్తా" అన్నాడు నాయన.

"యాడ చిన్నవి చిన్నాయనా? శానా బాగుండాయి" అంటూ వేళ్లు ముడుచుకుని, పళ్లు బిగించి లేసులు కట్టేసింది.

తిరునాళ్లలో అందరి కళ్లూ ఆ బూట్ల మీదే. గుడి ముందు విప్పినప్పుడు చూశా... వేళ్ల నిండా బొబ్బలు. కాలే బండల మీద ఆ కాళ్లతోనే నవ్వుతూ నడిచింది. బయటికొచ్చి మళ్లీ అవే తొడుక్కుంది. నాకు జాలి వేయాలి కదా... వేయలేదు. ఇంకా కుళ్లుకున్నా.

మొన్న కర్నూలులో అలాంటివే కొనుక్కున్నా. షాపతను బొటనవేలి దగ్గర నొక్కి చూసి మరీ సరిపోయే జత ఇచ్చాడు. ఎంత హాయిగా ఉన్నాయో! కానీ అద్దంలో చూసుకుంటే... ఇరుకు బూట్లలో అక్కకున్న ఠీవిలో సగం కూడా లేదు.

ఇప్పుడు పుల్లలు పోయి నంబర్లొచ్చాయి. మీ ఇళ్లలోనూ ఈ పుల్ల కొలతలు ఉండేవా? చెప్పండి...

రేణుకక్కా, ఇది చదువుతావని తెలుసు. ఆ పుల్ల విరిచింది నేనే.