చెయ్యి వాలని సిగ్నల్

బాలనర్సయ్య బాబాయ్ పేరెత్తితే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టవుతుంది. ఆయన వల్ల కాదు, నా వల్లే.

ఆయనది బోరబండ. రైల్వేలో పట్టాలు మార్చి జెండాలు చూపే పాయింట్స్‌మన్‌గా ముప్పైనాలుగేళ్లు చేసి రిటైరయ్యాడు. నా పేరు చంటి. కృష్ణానగర్‌లో గది తీసుకుని, సినిమాలకు సెట్లు వేసే ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంటుగా ఉంటున్నాను. ఫిల్మ్‌నగర్‌లో పాతకాలపు స్టేషన్ సెట్ వేస్తూ, తప్పులుంటే చెప్పమని ఆయన్ను పిలిపించాం.

వచ్చీరాగానే పసుపు బోర్డు ముందు నిలబడ్డాడు. మేం పెట్టిన పేరు 'పాలవాగు రోడ్'.

"పేరు చివర రోడ్ అని ఉంటే ఊరు స్టేషన్‌కు దూరమున్నట్టు. మరి గా వెనక ఇండ్లేంది?" అన్నాడు. "సముద్రమట్టానికి ఎన్ని మీటర్లో గూడ రాయలే. పక్క స్టేషన్ కంటె ఎక్కువుంటే ఎక్కుడు, తక్కువుంటే దిగుడు. డ్రైవర్‌కు ఎర్కుండాలె కద!"

నోటికొచ్చిన అంకె రాసేశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మధ్యాహ్నానికల్లా డైరెక్టర్‌కు ఆయన ముఖం నచ్చేసింది. రైలు కదిలేటప్పుడు పచ్చజెండా చూపేది ఈయనే అన్నాడు. పాపం, ముసలాయన మురిసిపోయి మనవరాలు స్ఫూర్తికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు.

తీరా షాట్ పెట్టాక జెండా ఎత్తడే!

"ఆ సిగ్నల్ చెయ్యి అడ్డంగ ఉంది బిడ్డా. అడ్డంగుంటే ఆగుమన్నట్టు. కిందికి వాలితెనే బండి కదలాలె. అది ఆగుమంటుంటే నేను పొమ్మని ఎట్ల చూపిస్త?"

ఆ చెక్క చేతిని స్తంభానికి మేకులు కొట్టి బిగించింది నేనే. విప్పాలంటే గంట పని. డైరెక్టర్ నావైపు గుర్రుగా చూస్తున్నాడు. కెమెరా పక్కన పెట్టిన తెరలో సిగ్నల్ స్తంభం మొత్తం కనిపిస్తోంది. కళ్లారా చూశాను. చూసి కూడా ఆయన దగ్గరికెళ్లి, "అది ఫ్రేములో పడదు బాబాయ్, నా మాట నమ్మండి" అన్నాను. నమ్మాడు. జెండా ఎత్తాడు.

ట్రైలర్ వచ్చింది. పైన అడ్డంగా సిగ్నల్ చెయ్యి, కింద ఆయన చేతిలో పచ్చజెండా. బోరబండ స్టేషన్ బెంచీ మీద రోజూ సాయంత్రం చేరే రిటైరైన రైల్వేవాళ్లు అది ఫోన్లో చూసి, "ముప్పైనాలుగేండ్లు గిట్లనే చూపినవా నర్సయ్యా?" అని నవ్వారట. ఆ రోజు నుంచీ ఆయన అటు వెళ్లడమే మానేశాడట. స్ఫూర్తి ఫోన్ చేసి చెప్పింది.

వెళ్లాను. నాదే తప్పని చెప్పెయ్యాలని దారంతా వల్లె వేసుకున్నాను. ఆయన భార్య కొమురమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆయన మాత్రం గోడ వైపే చూస్తూ అడిగాడు.

"నిజం చెప్పు బిడ్డా. గా సిగ్నల్ కనబడ్తదని నీకు ముందే ఎర్కనా?"

నా మొహం మండ, "తెలీదు బాబాయ్, ఒట్టు" అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. "అనుకున్న. నీ తప్పు లేదు" అంటూ లేచి చెప్పులేసుకున్నాడు. నా భుజం మీద చెయ్యేసి ఆ బెంచీ దాకా నడిపించి, పాత దోస్తుల ముందు నిలబెట్టాడు.

"ఈ పిల్లగానికి తెల్వదంట. వీన్నేమనకుండ్రి. సిగ్నల్ చూసి గూడ జెండా ఎత్తింది నేను. తప్పు నాదే."

వాళ్లు జరిగి మా ఇద్దరికీ చోటిచ్చారు. ఛీ, నేను కూర్చున్నాను కూడా.