ఆర్థర్ గారికి బెల్లం వద్దన్నాను

2006 ఫిబ్రవరి. గైడ్ పనిలో దిగి నాకు అప్పటికి మూడేళ్లు. అంతకుముందు అనకాపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. చిన్నప్పటి నుంచి చర్చిలో ఇంగ్లీషు పాటలు పాడి పాడి ఆ భాషకి నోరు బాగా తిరిగింది. చరిత్ర తెలుసు, ఇంగ్లీషు వచ్చు, గొంతు పెద్దది. గైడ్‌కి ఇంతకంటే ఏం కావాలి అనుకునేదాన్ని. ఇంకొకటి కావాలని ఆ నెలలోనే తెలిసింది.

శీతాకాలంలో విశాఖ రేవుకి అప్పుడప్పుడు విదేశీ ప్రయాణికుల ఓడలు వచ్చేవి. ఓడ పొద్దున్న ఆగి సాయంత్రం వెళ్లిపోతుంది. ఆ మధ్యలో ప్రయాణికులను దింపి, చుట్టుపక్కల చూపించి, మళ్లీ తీసుకొచ్చి ఎక్కించడాన్ని షోర్ ఎక్స్‌కర్షన్ అంటారు. ఎక్కువమంది పెద్ద బస్సుల్లో నగరంలోనే తిరిగేవారు. పల్లెలు చూడాలనుకున్న కొద్దిమందిని మాత్రం వ్యాన్‌లో నాకు అప్పగించేవారు. ఎనిమిది మంది, డ్రైవర్ సత్తిబాబు, నేను. పొద్దున్న బొజ్జన్నకొండ మీద బౌద్ధ గుహలు, తర్వాత మునగపాక వైపు బెల్లం వంట, అనకాపల్లిలో భోజనం, మధ్యాహ్నం ఏటికొప్పాక లక్క బొమ్మలు. సాయంత్రం ఐదింటికి ఆల్ అబోర్డ్. అంటే ఆ వేళకి ఆఖరి మనిషి కూడా ఓడ మీద ఉండాలి. అది ఎవరి కోసమూ ఆగదు.

గుంపుతో పాటు గైడ్‌కి మేనిఫెస్ట్ అని ఒక కాగితం ఇస్తారు. పేరు, వయసు, గది నంబరు, చివర్న ప్రత్యేక విషయాలు. ఆ రోజు కాగితంలో ఆరో పేరు ఆర్థర్. డెబ్బై ఒక్క ఏళ్ల ఇంగ్లండు పెద్దమనిషి, ఒంటరిగా వచ్చారు. పేరు పక్కన ఒకే మాట ఉంది: డయాబెటిక్.

ఆ మాట చూడగానే నాకు అంతా తెలిసిపోయిందనుకున్నాను. మా పెద్దమ్మకి షుగర్ ఉండేది. ఆవిడ బిళ్లలు వేసుకునేది, మేం కాపలా కాసేవాళ్లం. క్రిస్మస్‌కి చేసిన అరిసెలు ఆవిడకి అందకుండా అటక మీద పెట్టేవాళ్లం. మాడుగుల హల్వా ఇంట్లోకి వస్తే ముందు ఆవిడ గది తలుపు వేసేవాళ్లం. షుగర్ ఉన్న మనిషికి తీపి కనబడనివ్వకపోవడమే సేవ అని నమ్మి పెరిగినదాన్ని. అందుకే వ్యాన్ ఎక్కుతూనే సత్తిబాబుకి చెప్పేశాను.

"ఆ నీలం చొక్కా ఆయనకి షుగర్. బెల్లం దగ్గర మనం ఓ కన్నేసి ఉంచాలి."

"మీరుండగా నాకు బెంగేటి మేడమ్" అన్నాడు సత్తిబాబు.

బొజ్జన్నకొండ మెట్ల కింద నా అలవాటు ప్రకారం ప్రకటన చేశాను. బ్యాగులన్నీ వ్యాన్‌లోనే ఉంచండి, చేతులు ఖాళీగా ఉంటే ఎక్కడం సులువు అని. ఆర్థర్ గారి భుజాన చిన్న ఖాకీ సంచి ఉంది. ఆయన కాస్త తటపటాయించారు. నేనే నవ్వుతూ ఆయన భుజం మీద నుంచి తీసి సీట్లో పెట్టాను. ముసలాయనకి సాయం చేస్తున్నాననే అనుకున్నాను, దేవుడి సాక్షిగా.

సగం మెట్లెక్కాక ఆయన అడిగారు. "భోజనం ఎన్ని గంటలకు?"

"పన్నెండున్నరకి సార్. ఇదిగో ఈ స్తూపాలు చూడండి. రాళ్లు పేర్చి కట్టినవి కావు, కొండనే తొలిచి చేసినవి."

పైకెళ్లాక మళ్లీ అడిగారు. "పన్నెండున్నర అంటే కచ్చితంగా పన్నెండున్నరేనా?"

ఓడలో టిఫిన్ అంత తిని వచ్చి ఇంకా తిండి యావేనా అనుకున్నాను మనసులో. పైకి మాత్రం "కచ్చితంగా సార్" అని, భిక్షువులు వర్షాకాలం మూడు నెలలూ ఆ గుహల్లో ఎలా గడిపేవారో మొదలుపెట్టాను. ఆ ఘట్టం నేను బాగా చెబుతానని పేరు. అందరూ కదలకుండా విన్నారు. నాకూ ఆపబుద్ధి కాలేదు, అరగంట అక్కడే పోయింది.

కొండ దిగి బయల్దేరితే రైలు గేటు పడింది. ఒక గూడ్సు వెళ్లింది, గేటు తియ్యలేదు. ఇంకో గూడ్సు కోసం ఉంచారు. ముప్పావుగంట కూర్చున్నాం. ఆ లోపల బెల్లం పాక యజమాని అప్పారావు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఒంటిగంటకల్లా పెనం దించేత్తాను. మీరొస్తే రండి. పాకం ఆగదు."

పెనం దించడమే నా టూర్‌కి ప్రాణం. పెద్ద ఇనప పెనంలో గంటలకొద్దీ మరిగిన చెరుకు రసం చివరికి బంగారు రంగు తిరిగి, నలుగురు కలిసి దాన్ని ఎత్తి ఒంచేటప్పుడు కెమెరాలన్నీ ఒక్కసారి లేస్తాయి. సత్తిబాబు అద్దంలోంచి నన్ను చూశాడు.

"మేడమ్, ముందు బోయినాలు పెట్టించేద్దామా? బాగా ఆలీసమైపోనాది."

"భోజనం ఎక్కడికీ పారిపోదు సత్తిబాబూ, పాకం పోతుంది" అన్నాను. నా మాట నాకే చమత్కారంగా అనిపించింది కూడా.

పాక దాకా వ్యాన్ వెళ్లదు. రోడ్డు మీద ఆపి, చెరుకు తోటల మధ్య పది నిమిషాలు నడవాలి. బ్యాగులు మళ్లీ వ్యాన్‌లోనే. మేం చేరేసరికి ఒంటిగంట దగ్గర పడింది. అప్పారావు భార్య నూకరత్నం గ్లాసులతో ఎదురొచ్చింది. వాళ్ల పాకకి ఎవరొచ్చినా ముందు చెరుకు రసం, తర్వాత ఆకులో వేడి బెల్లం. ఆ తర్వాతే మాటలు. ఆర్థర్ గారు గ్లాసు కోసం చెయ్యి చాపారు. నేను చటుక్కున మధ్యలో చెయ్యి పెట్టాను.

"ఈయనకి వద్దు నూకరత్నం. షుగరు."

"అయ్యో పాపం" అని గ్లాసు వెనక్కి తీసుకుంది ఆవిడ.

ఆర్థర్ గారి వైపు వేలు ఆడించి, "నాకంతా తెలుసు సార్" అన్నాను ఇంగ్లీషులో. మిగతావాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. "నా సంచి..." అన్నారు. "వ్యాన్‌లో భద్రంగా ఉంది సార్" అని చెప్పి పెనం వైపు తిరిగాను.

చెరుకు పిప్పి మంట ఎలా పెడతారో, మడ్డి ఎలా తీస్తారో చెబుతున్నాను. వెనక ఎవరో కేకేశారు. తిరిగి చూస్తే ఆర్థర్ గారు తూలుతూ తిన్నగా పొయ్యి వైపు నడిచి వెళుతున్నారు. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను. విదిలించి కొట్టారు. "నన్ను ముట్టుకోకు!" అని అరిచారు. పొద్దుటి నుంచి గొంతెత్తని మనిషి! మాట ముద్దగా వస్తోంది, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. అప్పారావు వెనక నుంచి పొదివి పట్టుకుని పిప్పి మోపు మీద కూర్చోబెట్టాడు. తాగారేమో అన్న అనుమానం కూడా వచ్చింది నాకు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ వచ్చింది.

"ఏటమ్మా, ఈ పెద్దాయన అలగున్నాడేటి? సెమట్లు సూడు" అంది నూకరత్నం.

"ఎండ. నీడలో కూర్చుంటే సర్దుకుంటుంది."

"మాగమాసంలో ఎండేటి! ఈయన సూదేసుకుంటాడా?"

"ఏ సూది?"

"సుగర్ సూది. మా ఆయనా ఏసుకుంటాడు. సూదేసుకుని ఏలకి తిననేదనుకో, ఇలాగే అయిపోద్ది. సుగర్ పడిపోనాది ఈయనకి. రసం తెండి ఎవరైనా!"

నేను ఏం చేశానో దాచకుండా చెప్పాలి. ఆర్థర్ గారికి అడ్డంగా నిలబడ్డాను. రెండు చేతులూ చాపి మరీ.

"వద్దు! తీపి ఇస్తే ప్రమాదం. కాగితంలో రాసి ఉంది."

"నీ కాయితం నీ కాడుంచుకో. తప్పుకో" అని నూకరత్నం నన్ను భుజంతో ఒక్క నెట్టు నెట్టింది.

"మింగుతాడో లేదో ముందు సూడే" అన్నాడు అప్పారావు. ఆవిడ కొద్దిగా పెదవులకి తగిలించింది. ఆయన మింగారు. ఇంకాస్త పోసింది. సగం గ్లాసు చొక్కా మీదే ఒలికింది. ఆవిడ విసుక్కోకుండా, ఒక చేత్తో ఆయన గడ్డం పట్టుకుని, పసిపిల్లాడికి తాగించినట్టు తాగించింది. రెండో గ్లాసూ అలాగే పట్టించింది. నాకు వచ్చిన ఇంగ్లీషూ, చరిత్రా అన్నీ ఎటు పోయాయో, "ప్రభువా, ప్రభువా" అన్న ఒక్క మాటే నోట్లో మిగిలింది. వెనకాల పెనం దించారు. ఒక్క కెమెరా లేవలేదు.

పది పన్నెండు నిమిషాలకి ఆయన కళ్లలోకి మనిషి తిరిగి వచ్చాడు. చుట్టూ చూసి, "ఎక్కడున్నాను?" అన్నారు. ఇంగ్లీషు ముక్క రాకపోయినా నూకరత్నానికి ఆ ప్రశ్న అర్థమైంది.

"మునగపాక కాడున్నావు నాయనా. ఏటీ బయం నేదు" అంది.

ఆయనకి తెలుగు ముక్క రాకపోయినా తలూపారు. అప్పారావు తన క్యారేజీ విప్పి అన్నం, పప్పు ఆకులో పెట్టాడు. "ఒట్టి తీపితో ఆగదమ్మా. అన్నం పడాల. నేకపోతే మల్లీ పడిపోద్ది" అన్నాడు నాతో. ఆర్థర్ గారు ఆ అన్నం ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నారు.

అక్కడి నుంచి ఆయన్ని తిన్నగా అనకాపల్లిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు రక్తం పరీక్ష చేసి ఇప్పుడు ఫరవాలేదన్నారు. సాధారణంగా డాక్టర్లు మనల్ని భయపెట్టడానికి చెబుతారనుకుంటాం. ఆయన మామూలుగానే చెప్పారు. "ఇంకో పావుగంట ఆలస్యమైతే స్పృహ తప్పేవారు. మూడేళ్లుగా గైడ్ అంటున్నారు, ఇన్సులిన్ అంటే తెలీదా?" ఏటికొప్పాక మానేశాం. బొమ్మలు చూడ్డం పోయిందని ఒకావిడ మూతి ముడుచుకుంది.

విశాఖ వెళ్లే దారిలో నా చేతిలో ఇంకో కాగితం ఉంది, ఇన్సిడెంట్ రిపోర్ట్. టూర్‌లో ఏదైనా జరిగితే రేవు గేటు దాటే లోపు గైడ్ నింపి ఇవ్వాలి. అందులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. ఏం రాయాలో మనసులో తయారుగా ఉంది. ప్రయాణికుడు ఇన్సులిన్ తీసుకున్న సంగతి గైడ్‌కి తెలియజేయలేదు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా ఉద్యోగం నిలబడుతుంది. అయినా ఆర్థర్ గారి నోటితో ఆ మాట అనిపించుకుంటే మంచిదని వెళ్లి పక్కన కూర్చున్నాను.

"సార్, ఇన్సులిన్ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

ఆయన కోప్పడలేదు. కోప్పడితే ఎంత బాగుండేదో!

"కాగితంలో ఉంటుంది, మీకు తెలుసనుకున్నాను. అయినా భోజనం ఎప్పుడని రెండుసార్లు అడిగాను. గ్లాసు కోసం చెయ్యి చాపాను. సంచి అడిగాను, అందులో బిస్కెట్లున్నాయి." మన్నింపు అడుగుతున్నట్టు ఇంకో మాట అన్నారు. "మీరు చాలా బాగా మాట్లాడుతున్నారు. మధ్యలో ఆపడం మర్యాద కాదనిపించింది."

కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడ్చాను. సత్తిబాబు అద్దంలో చూసి, చూడనట్టు ఊరుకున్నాడు. రేవు గేటు వచ్చేలోపు ఆ గడి నింపాను. 'ప్రయాణికుడు నాలుగుసార్లు అడిగారు. గైడ్ వినలేదు.'

ఆ సీజన్‌లో నాకు మళ్లీ టూర్ ఇవ్వలేదు. ఇవ్వకపోవడం న్యాయమే. మరుసటి శీతాకాలం పిలిచారు. నా పద్ధతి మార్చుకున్నాను. వ్యాన్ కదలకముందు ఒక్కొక్కరి పక్కనా కూర్చుని అడుగుతాను. ఏం మందులు వాడుతున్నారు, ఎన్నింటికి తిన్నారు, మళ్లీ ఎన్నింటికి తినాలి, సంచిలో దగ్గర ఉండాల్సింది ఏమైనా ఉందా అని. ఎవరైనా ఒకే మాట రెండోసారి అడిగితే, బుద్ధుడి కథ మధ్యలో ఉన్నా సరే, చెబుతున్నది ఆపేస్తాను.

మొదటి గుంపుతో పాక దగ్గరికి వెళ్లినప్పుడు నూకరత్నం గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈసారి నీ కాయితం ఏటి సెప్తందమ్మా? ఎవరికి ఇమ్మంటంది, ఎవరికి వద్దంటంది?"

"కాయితం వ్యాన్‌లో ఉందమ్మా. అందర్నీ అడిగే వచ్చేను. నువ్వూ అడిగి ఇయ్యి."

ఆవిడ నవ్వి, ఒక్కొక్కరి ముందూ నిలబడి, గ్లాసు చూపించి, కళ్లతోనే అడిగి ఇచ్చింది. అప్పటికే పెనం దించేశారు, బెల్లం దిమ్మలు ఆరుతున్నాయి. మేం అనకాపల్లిలో భోజనాలు చేసి వచ్చాం మరి.