పాడుబడిన ఊళ్లో మంచినీళ్లు

తొంభైల్లో అరకు కొండల్లో రోడ్డు సర్వే చేసేవాణ్ణి. మా దగ్గరున్నది బ్రిటిష్ వాళ్ల కాలపు మ్యాపు. అందులో ‘పాడుబడిన ఊరు’ అని రాసినచోటు మీదుగా మా ఇంజనీరు హైవే గీత గీశారు. ఒకసారి చూసి రమ్మంటే మండుటెండలో కొండెక్కాను.

కాళ్లు పీకుతూ పైకి చేరేసరికి ఎదురుగా ఇళ్లు, పొయ్యిల పొగ! ఒక ముసలమ్మ మంచినీళ్లిచ్చింది.

“మ్యాపులో ఈ ఊరు పాడుబడిందని ఉందమ్మా,” అన్నాను నీరసంగా.

“అప్పుడు మావోలందరూ పోడు సేలకి కాపలా ఎల్లుంటారు. ఇళ్లల్లో ఎవులూ లేరని మీవోలు రాసేసుంటారు. ఇప్పుడున్నాం కదా బాబూ, బేగి రాసుకో,” అంది.

ఆ గీత పక్కకు జరపడానికి మళ్లీ నెలల తరబడి కొండలెక్కాం. ఇప్పటికీ తాళం వేసిన ఇల్లు కనబడితే ‘ఎవరూ లేరు’ అనను. ‘బయటికెళ్లారు’ అంటాను.