చెవుల పెట్టె

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు లెండి, పెళ్లిళ్లలో పెద్ద ఎల్‌ఈడీ తెరలు మా ఇల్లందు వైపు కొత్తగా దిగుతున్న రోజుల్లో, కంప్యూటర్ నడపడమంటే మౌస్ పట్టుకోవడమేనని నా చుట్టూ ఉన్న అందరి నమ్మకం. నాకు మాత్రం మౌస్‌తో మొదటి నుంచీ పడేది కాదు. డిగ్రీ అయ్యాక ఓ పెళ్లి వీడియోల స్టూడియోలో మిక్సింగ్ పనికి చేరాను. మూడు కెమెరాల్లో ఏ బొమ్మ తెర మీదికి వెళ్లాలో నేనే నిర్ణయించాలి. (ఇంట్లో టీవీ రిమోట్ కూడా నా చేతికి వచ్చేది కాదు.) బాణం గుర్తును వెతికి, గురి చూసి నొక్కేలోపు పెళ్లికూతురు నవ్వడం, కళ్లు తుడుచుకోవడం, మళ్లీ నవ్వడం అన్నీ అయిపోయేవి.

అందుకే ఫోనులో వీడియోలు చూసి చూసి, పాడైన ఓ ఆంప్లిఫయర్‌కున్న చెవులు పీకాను. రేడియోకి తిప్పే బిళ్లల్ని మా అమ్మమ్మ చెవులనేది, మా ఇంట్లో అందరికీ అదే మాట. మూడు చెవుల్ని చిన్న బోర్డుకు తగిలించి, స్టీలు టిఫిన్ డబ్బాలో బిగించి, తీగతో కంప్యూటర్‌కు కలిపాను. ఏ చెవి తిప్పితే ఆ కెమెరా బొమ్మ మెల్లగా తెర మీదికి తేలి వచ్చేది. చూడకుండానే వేళ్లకు తెలియాలని ఒక్కోదాని మీద ఒక్కో రకం బొట్టుబిళ్ల అంటించాను. పెళ్లికూతురి కెమెరాది ఎడమ చెవి, రాళ్ల బొట్టు. నా తెలివికి నేనే మురిసిపోయాను. మా ఓనరు, స్టూడియో అన్న, దాన్ని చూసి, ఏ చెవి ఏ కెమెరాదో నేను చెబుతుంటే విని ముఖం చిట్లించాడు.

"గిది కంప్యూటరా, రేడియోనా? పెళ్లిల ఇజ్జత్ పోతది చెల్లె."

పినపాక పెళ్లికి తనే మౌస్ పడతానన్నాడు. ఇంకోసారి ఆ డబ్బా మాటెత్తితే మిక్సింగ్ మానిపించి, ఆల్బమ్‌ల పనిలో కూర్చోబెడతానని కూడా చెప్పాడు. అయినా డబ్బాను బ్యాగులో వేసుకునే వెళ్లాను.

అక్కడ డెకరేషన్ వాళ్లు మా బల్ల మీద తళతళలాడే సాటిన్ గుడ్డ పరిచి, అంచులు పిన్నులతో బిగించారు. దాని మీద మౌస్ ఒకటే గెంతులు. అన్న ఇటు లాగితే బాణం అటు దూకుతోంది. సరిగ్గా ముహూర్తం వేళకు తెర మీద భోజనాల బంతిలో ఓ పెద్దాయన మిర్చి బజ్జీ నములుతూ నిలిచిపోయాడు, తలుపంత ముఖంతో. మండపం చుట్టూ చుట్టాలు గోడ కట్టినట్టు నిలబడ్డారు, వెనకున్న జనానికి ఆ తెరే దిక్కు. గట్టిమేళానికి సైగగా పంతులుగారు వేలెత్తారు.

"అన్నా, డబ్బా పెట్టనా?"

అన్న చెమట తుడుచుకున్నాడు. "పెట్టు. తప్పిందో, రేపటి సంది ఆల్బమ్‌లే."

తీగ గుచ్చానో లేదో గట్టిమేళం అందుకుంది. ఆ మోతలో నాకు వినపడదని అన్న మా అందరి హెడ్‌సెట్లకూ కలిపిన మైకులోనే అరిచాడు, "ఎడమ చెవి తిప్పు, జల్దీ!" అది పెళ్లికూతురి కెమెరా పట్టుకున్న జూమన్నకూ వినపడింది. (అన్న గొంతు వినపడితే చాలు, కంగారుగా జూమ్ చేస్తాడని ఆ పేరు.) పాపం, ఆయన తన ఎడమ చెవికున్న హెడ్‌సెట్‌ని తిప్పి మెడ మీదికి నెట్టేశాడు. ఇక ఏ కేకా వినపడక, జీవితంలో మొదటిసారి కదలకుండా నిలబడ్డాడు.

నేను రాళ్ల బొట్టు తడిమి తిప్పాను. బజ్జీ పెద్దాయన కరిగిపోయాడు. ఆయన స్థానంలో వంచిన మెడ, పసుపుతాడు, ముడి వేస్తున్న వేళ్లు నిండుగా, నిదానంగా తేలి వచ్చాయి. వెనకున్న జనం కంచాలతో సహా లేచి నిలబడి, మండపం దాకా చేరలేక, అక్షింతలన్నీ తెర మీదే చల్లారు. సగం మా బల్ల మీద, నా డబ్బా మీద పడ్డాయి. నేనే గెలిచానని గట్టిగా అరవాలనిపించింది.

డబ్బా మీది అక్షింతల్ని ఒక్కొక్కటే ఏరుతూ అన్న అడిగాడు. "చెల్లె, ఇంకో రెండు చెవులు పెట్టొస్తదా?"

ఇప్పుడు పెళ్లిళ్లకు చుట్టంగానే వెళ్తున్నాను. గట్టిమేళం మోగితే చాలు, ఒళ్లో నా ఎడమచేయి దానంతటదే తిరుగుతుంది. ఏందమ్మా, తాళం తీస్తున్నవా అని మా అమ్మాయి నవ్వుతుంది. నేనూ నవ్వేస్తాను. నేను తిప్పకపోతే ఆ పెళ్లి జరిగేదే కాదని నమ్మిన ఆనాటి డబ్బా పిల్లంటే నాకు ఇప్పటికీ ముద్దే.