చిక్కుడు పందిట్లో వదిలేసిన మూల

మేం చిన్నగా ఉన్నప్పుడు... చిత్తూరులో మా ఇంటెనక పెరట్లో చిక్కుడు పందిరి కింద దూరితే చాలు, మిట్టమధ్యాహ్నం కూడా పచ్చటి చీకటి. మా నాయన వాళ్లమ్మ, అంటే మా అవ్వ, కాయలు తుంచి ఒళ్లో వేసుకుంటుంటే, నేను కింద పడినవి ఏరేదాన్ని.

ఆ పెరట్లో ఏడాదంతా ఎవరో ఒకరు కాపురం ఉండేవాళ్లు... వానలు మొదలైతే కరివేపాకు మీద ఆకుపచ్చ పురుగులు. అవ్వ వాటిని ముట్టుకోనిచ్చేది కాదు. "సీతాకోకలైతాయిలే మే... రెండాకులు తింటే మన చారేమీ చెడిపోదు" అనేది. చలికాలం మందారాలకి తేనెపిట్టలు తలకిందులుగా వేలాడేవి. ఎండలొస్తే తొట్టి నీళ్ల కోసం గోరింకలు, ఉడతలు కొట్లాట. ఒక ముంగిస అయితే ఇల్లు తనదే అన్నట్టు గోడవారన నడిచిపోయేది.

ఇంతవరకు తీపిగానే ఉంది కదా... ఇకపై ఉండదు. నాకు ఇది తలచుకుంటే ఇప్పటికీ కోపమే వస్తుంది.

మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. పందిట్లో పిట్ట గూడు పెడితే ఆ మూల కాయలు ఎవరూ కొయ్యకూడదు. పిల్లలు ఎగిరిపోయేదాకా అవి ముదిరి ఎండిపోయినా సరే. "బాలింత ఉండాది ఆడ, పోవద్దు" అనేది అవ్వ.

ఆ ఏడు శివరాత్రి దాటినాక ఆకులు కుట్టే పిట్ట వచ్చింది. మేం టైలరు పిట్ట అనేవాళ్లం. బొటనవేలంత ప్రాణం... అవ్వ వత్తులు చేసుకోడానికి అరుగు మీద పెట్టుకున్న పత్తి దొంగిలించి, రెండు చిక్కుడాకుల్ని కలిపి కుట్టేసింది. కొన్నాళ్లకి లోపల పిల్లలు. బడి నుంచి రాగానే సంచి పడేసి అక్కడికే పరుగు. తల్లీ తండ్రీ పందిరంతా గాలించి, పురుగుల్ని ముక్కున కరుచుకుని వచ్చేవి. అవి వాలగానే ఆకుల మధ్య నుంచి ఎర్రటి నోళ్లు తెరుచుకునేవి.

సరిగ్గా అప్పుడే పందిరికి పేనుబంక పట్టింది, రసం పీల్చే సన్నటి పురుగు. పేనుబంక... ఆ మాట పలికితేనే వేళ్లకి అంటుకున్నట్టు ఉంటుంది. తీగలన్నీ నల్లగా, జిగటగా. అవ్వ బూడిద చల్లింది. వేపనీళ్లు చల్లింది. తగ్గలేదు.

మా చిన్నాయన మామిడి తోట చూసుకునేవాడు. అవి పిందెలకి మందు కొట్టే రోజులు. మా వైపు తోటలున్న చాలా ఇళ్లలో ఒక అలవాటు ఉంది... ట్యాంకులో మిగిలిన మందు పారబొయ్యడం ఎందుకని ఇంటికి తెచ్చి పెరట్లో కొట్టేస్తారు. చిన్నాయన కూడా ట్యాంకు వీపున తగిలించుకునే వచ్చాడు.

"అమా, బూడిద యాడ పనిచేస్తాది? మామిడికి సచ్చే పురుగు చిక్కుడుకి సావదా?"

"ఆడ గూడుండాది రా."

"సూసినాలే. ఆ మూల ఇడిసిపెట్టి కొడతా. నీ బాలింత మింద ఒక్క సుక్క పడితే నన్నడుగు."

అవ్వ కాసేపు పందిరి వంక చూసి, సరేనంది. నేను వద్దు వద్దని చిన్నాయన చొక్కా పట్టుకుని లాగాను.

"ఏం పాపా, పిట్టల తరపు వకీలువా? కోర్టులో ఏసుకుందామా కేసు?" అన్నాడు. అందరూ నవ్వారు. అవ్వ కూడా.

అబద్ధం చెప్పను... చిన్నాయన చాలా జాగ్రత్తగా కొట్టాడు. గూటికి గోనెసంచి అడ్డం పెట్టి మరీ, ఆ మూల వదిలేసి మిగతా పందిరంతా తడిపాడు.

తెల్లారేసరికి పందిరి కింద పురుగులు రాలిపడి గిలగిలా కొట్టుకుంటున్నాయి. పిట్టలకి వెతికే పనే లేదు. ఏరుకోవడం, గూటికి మోయడం... ఏరుకోవడం, మోయడం.

"సూడు పాపా, నీ పిట్టలకి నేను ఇందు బోజనం పెట్టినా" అన్నాడు చిన్నాయన.

సాయంత్రానికి గూట్లో చప్పుడు ఆగిపోయింది. మర్నాడు తల్లిపిట్ట పురుగును ముక్కున పట్టుకుని గూటి చుట్టూ తిరుగుతూనే ఉంది... లోపల ఏ నోరూ తెరుచుకోలేదు. అవ్వ వేలితో ఆకు పక్కకి తీసి చూసి, మళ్లీ మూసేసింది.

"గూడు మింద ఒక్క సుక్క పడలేదు మా, నీ మింద ఒట్టు" అన్నాడు చిన్నాయన.

నిజమే. పడలేదు. నాకు మండిపోయేది అదే! పిట్ట మేత ఏరుకునేది పందిరంతా తిరిగి అని మేమందరం రోజూ కళ్లారా చూశాం. చూసి కూడా ఒక మూల వదిలేస్తే చాలనుకున్నాం. కట్టడి తప్పలేదని మనసుకి హాయిగా ఉంటే సరిపోయింది... పిల్లలు బతికాయా అని ఎవరికి కావాలి?

కొన్నాళ్లకి ఆ కాయలే కోసి, బాగా కడిగి, కూర చేశారు. నిగనిగలాడుతూ ఉన్నాయి. బాగుందన్నారు అందరూ. అవ్వ చారన్నం తిని లేచిపోయింది. గట్టిగా అరిచి ఉంటే ఎంత బాగుండేదో!

మరుసటి ఏడు అవ్వ చిక్కుడు గింజ పెట్టలేదు. చిన్నాయనే పెట్టాడు.

ఇప్పుడు నేను తిరుపతిలో చదువుకుంటున్నాను. మొన్న ఇంటికి పోతే పందిరి నిండా కాయలు, ఒక్క మచ్చ లేదు. చిన్నాయన అటు చివర నుంచి ఇటు చివర దాకా మందు కొడుతున్నాడు. గూళ్ల సంగతేంటని అడిగాను.

"ఇప్పుడు పిట్టలు రావు కదా పాపా, మూల ఇడిసే పనే లేదు" అన్నాడు... మంచి కబురు చెప్పినట్టు.

మీ ఇంటెనక పిట్టలు రావడం ఎప్పుడు మానేశాయి? సెల్ టవర్ల వల్లే, కాలం మారడం వల్లే అని చెప్పకండి... ఆ ఏడు మీ ఇంట్లో ఎవరు, ఏ చెట్టుకి, ఏం కొట్టారో గుర్తు చేసుకుని కింద రాయండి.