అమ్మ అక్షింతలు వేసిన రోబో

మా అమ్మ పని పోతుందని వారంగా దిగులుపడ్డాం. ఆ దిగులు ఇవాళ తీరింది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

హనుమకొండలో అమ్మ ఈతకొలను కడిగే ఇంట్లో, ఆ పని చేసే రోబో కొన్నారు. వైరు లేదు, చార్జింగ్ పెట్టి నీళ్లలో వదిలితే అడుగంతా అదే తిరుగుతుంది. మా ఇంట్లో మొదట చదువుకున్నది నేనే. రోబోతో వచ్చిన ఇంగ్లిష్ పుస్తకం చదివి, అన్నీ అమ్మకు నేర్పాను.

ఇవాళ అమ్మ దానికి బొట్టు పెట్టి, నీళ్లలోకి దింపి, పైనుంచి గుప్పెడు అక్షింతలు వేసింది. బియ్యమంతా అడుగుకు చేరింది.

"ఏందే లచ్చవ్వా, కడిగే ముందే గలీజు చేస్తివి?" అంది ఇంటావిడ.

"జర ఆగుండ్రి అమ్మా. దాని పని గది చేస్తది," అంటూ అమ్మే బటన్ నొక్కింది.

రోబో గింజ మిగల్చలేదు. చార్జింగ్ అయిపోయాక అమ్మే కొక్కెంతో పైకి లాగి, చెత్త పట్టే జాలీ విప్పి కడిగింది.

"ఎవరు నేర్పిండ్రే?"

"నా బిడ్డ."

"ఇగ ఈ మిషన్ నీ జిమ్మా," అంది ఇంటావిడ. అంటే దాని బాధ్యత అమ్మదే, పని పోదు.

అమ్మ దానికి పేరు పెడుతుందట. ఆదివారంలోగా మంచి పేరు చెప్పండి, లేకపోతే నా పేరే పెట్టేలా ఉంది!